మనసులోని ఐగుప్తు

నేటి వాక్యభాగము సంఖ్యాకాండము 11:4-6.

అరణ్యములో ఇశ్రాయేలీయులు ఏడ్చారు. ఐగుప్తులో తిన్న చేపలు, దోసకాయలు, ఉల్లిపాయలు జ్ఞాపకానికి వచ్చాయి. వీపుమీది దెబ్బలు మాత్రం రాలేదు! కాళ్లు ఐగుప్తు దాటాయి, మనసు దాటలేదు.

ప్రియులారా, మన సంగతేమిటి? 1800లో నిజాం ఈ సీమను కుంపిణీవారికి ఇచ్చివేశాడు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రజలను ఎవరూ అడగలేదు. దత్తమండలాలని పేరుపడింది. 1928లో నంద్యాల సభలో మన పెద్దలు ఆ పేరు వద్దని 'రాయలసీమ' అని పెట్టుకున్నారు. 1947లో దొరల పాలన పోయింది. అయితే మన మనసులో కుర్చీ వేసుకొని కూర్చున్న దొర వెళ్లాడా?

నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెలో, సుగ్గికి గుంటూరు వైపు బయలుదేరుతున్న కుటుంబము కొరకు ప్రార్థించడానికి వెళ్లాను. "ప్రార్థన చేయమ్మా" అంటే ఆ తల్లి, "నాకు సదువు రాదయ్యగారూ, మావాడు ఇంగ్లీషులో చేస్తాడు" అంది. నేనూ సంతోషంగా పిల్లవాని వైపు తిరిగాను. వాడు పరలోక ప్రార్థన ఇంగ్లీషులో గడగడ అప్పజెప్పాడు. అర్థమేమిటని అడిగితే తల వంచుకున్నాడు. అప్పుడు తల్లి కొంగు తలమీదికి లాక్కొని, "యేసయ్యా, బిడ్డను అవ్వకాడ ఇడిసి పోతాండాం, నువ్వే సూసుకో. పోయినోళ్లమంతా మళ్లీ ఇంటికి రావాల" అంది. అంతే. నా కళ్లు నిండాయి. ఆమెను పక్కకు నెట్టింది నేనే గదా!

ఇంగ్లీషు వద్దని చెప్పడం లేదు. బడి గడప తొక్కనివ్వని మన తాతలకు మిషనరీలు అక్షరాలు నేర్పారు. అందుకై దేవునికి స్తోత్రము. పిల్లలను బాగా చదివించండి. అయితే ఇంగ్లీషు పనిముట్టే గాని మనిషి విలువకు కొలబద్ద కాదు. పెంతెకొస్తు దినమున ఆత్మ అందరికీ ఒకే భాష నేర్పలేదు, ఎవరి స్వభాషలో వారు దేవుని గొప్పకార్యములు విన్నారు (అపొ. కా. 2). పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) తెలుగులో కట్టిన కీర్తనలను నేటికీ పాడుకుంటున్నాము.

సహోదరీ, సహోదరుడా, వచ్చే ఆదివారం మీ సంఘములో ఎన్నడూ నోరు తెరవని ఒక తల్లిని ప్రార్థించమని అడగండి. ఓపికతో వినండి.

ప్రార్థన: తండ్రీ, మమ్మును ఐగుప్తులోనుండి రప్పించితివి. మాలోనుండి ఐగుప్తును తీసివేయుము. సుగ్గికి వెళ్లిన నీ బిడ్డలను క్షేమముగా ఇల్లు చేర్చుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.