ఇచ్చిన మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను చేసే పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ ఏజెంట్లను తయారుచేయడం నా పని. ఏజెంటు అంటే మన తరఫున తనంతట తానే నిర్ణయాలు తీసుకునే ప్రోగ్రాం. ఒకటి సరుకు కావాలంటుంది, ఇంకొకటి ధర చెబుతుంది, మరొకటి లారీ కుదురుస్తుంది.

వీటి సంభాషణకు పునాది వేసింది కంప్యూటరు ఇంజనీర్లు కాదు. ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు 1962లో పుస్తకంగా వచ్చాయి. ‘వస్తానని మాట ఇస్తున్నాను’ అంటే అది ఒక సంగతిని వర్ణించడం కాదు, అనడమే ఒక పని అన్నారాయన. 1969లో జాన్ సెర్ల్ ఆ ఆలోచనను విస్తరించారు. 1990లలో వచ్చిన కేక్యూఎంఎల్, ఫిపా ఏసీఎల్ అనే ఏజెంట్ల భాషలు దీన్నే వాడుకున్నాయి. ప్రతి సందేశం మీదా అది ఎలాంటి మాటో రాసి ఉంటుంది: తెలియజేస్తున్నాను, అడుగుతున్నాను, ఒప్పుకుంటున్నాను, నిరాకరిస్తున్నాను.

ఇది మన తెలుగు మాస్టారు ఎనిమిదో తరగతిలోనే చెప్పారు. “ఒరేయ్, ఆడిన మాట వేరు, ఇచ్చిన మాట వేరు. ఇచ్చింది అప్పురా!” అనేవారు.

తొలి ప్రాజెక్టులో నేను ఆ పాఠం మరిచాను. ‘ఒప్పుకుంటున్నాను’ అన్న జవాబును ‘పని అయిపోయింది’ అని లెక్కేశాను. లారీ కదలకుండానే సరుకు చేరినట్టు నమోదైంది. తప్పు నాదే. రాత్రంతా కూర్చుని సరిచేశాం.

ఇంకో చిక్కుంది. ఫిపా ఆ మాటలకు అర్థాన్ని పంపినవారి నమ్మకాలు, ఉద్దేశాలను బట్టి నిర్ణయించింది. ఎవరో రాసిన ప్రోగ్రాం మనసులో ఏముందో మనమెలా చూస్తాం? మునీందర్ సింగ్ 1998లో ఇదే ప్రశ్న వేశారు. మాటను మనసులో వెతకొద్దు, ఇద్దరి మధ్య పడిన బాధ్యతగా చూడమన్నారు. నిలబెట్టుకున్నదీ, తప్పిందీ బయటికి కనబడుతుంది కదా! ఇప్పుడు మా ఏజెంట్లకు ఒక ఖాతా ఉంది. ఎవరు ఎవరికి ఏ మాట బాకీ ఉన్నారో అందులో ఉంటుంది.

అలాంటి ఖాతా ఈ బడికీ ఉంటే అందులో నా పేరు ఉంటుంది. టెన్త్ అయ్యాక గేటు దగ్గర “వచ్చే సెలవులకు వస్తాను, మాస్టారూ” అన్నాను. ఇన్నేళ్లూ రాలేదు. మనసులో ఎప్పుడూ రావాలనే ఉండేది. కానీ మనసులో ఉన్నది లెక్కలోకి రాదని ఇందాకే చెప్పాను.

మాస్టారు ముందు వరుసలోనే కూర్చున్నారు. ఆలస్యమైంది, మన్నించండి మాస్టారూ. వచ్చాను.