ఈమ్ చర్చి, ఊరంతా పరచుకున్న సమాధుల తోట

ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండప్రాంతంలో ఈమ్ అనే చిన్న గ్రామం, ఆ గ్రామం నడుమ సెయింట్ లారెన్స్ చర్చి, దానిని చుట్టుకొని సమాధుల తోట ఉన్నాయి. ఈ చర్చి ఆంగ్లికన్ సంప్రదాయానికి, అనగా ఇంగ్లండు రాజ్యాధికారంతో ముడిపడిన చర్చి సంప్రదాయానికి చెందినది. దోర్నకల్ అధ్యక్ష మండలం 1947లో దక్షిణ ఇండియా సంఘంలో చేరకముందు ఆ సంప్రదాయపు శాఖగానే ఉండినందువల్ల తెలుగు శ్రోతలలో పలువురికి దాని ఆరాధన క్రమం పరిచితమే. ఇటువంటి గ్రామ చర్చిలు ఆ దేశంలో వేల సంఖ్యలో ఉండగా ఈమ్‌కు ప్రత్యేక గౌరవం దక్కడానికి కారణం, ఆ తోటలో ఉన్న సమాధులకంటె ఆ తోటలో లేని సమాధులు.

ఉన్నవాటిలోనూ చూడదగినవి తక్కువేమీ కావు. సుమారు పన్నెండు వందల ఏళ్లనాటి చెక్కడపు రాతి సిలువ, 1775 నాటి నీడ గడియారం, ఆ వెనుక డెర్బీషైర్ క్రికెట్ ఆటగాడు హ్యారీ బాగ్‌షా సమాధి. బంతి తగిలి కూలుతున్న వికెట్టును, ఔటైనట్లు పైకి చూపుతున్న అంపైరు వేలిని ఆ ఫలకంపై చెక్కించిన వారి ఆప్యాయత, క్రికెట్ ఎరిగిన తెలుగువారికి ఎవరూ వివరించనవసరం లేకుండానే తెలిసిపోతుంది.

అసలు కథ 1665లో మొదలవుతుంది. లండను నుంచి ఊరి దర్జీకి వచ్చిన బట్టల మూటలో, ఎలుకల ఒంటిపై బతుకుతూ ప్లేగును మోసే సన్నని పురుగులు దాగి ఉన్నాయని సంప్రదాయం చెబుతుంది. ఆ మూట విప్పిన సహాయకుడు జార్జి వికర్స్‌ను సెప్టెంబరు 7న పాతిపెట్టారు. శీతకాలంలో కొంత తగ్గిన వ్యాధి మరుసటి వేసవిలో విజృంభించింది. అప్పటి గురువు విలియం మాంపెసన్ ముప్పై ఏళ్లయినా నిండని యువకుడు. ఊరివారికి అతనిపై ఇంకా గురి కుదరలేదు. వారు నమ్మిన పాత గురువు థామస్ స్టాన్లీ, రాజ్యం నిర్దేశించిన ప్రార్థన గ్రంథాన్ని అంగీకరించనందున పదవి కోల్పోయినవాడు. మతవిషయంలో ఒకరికొకరు ఎదురుగా నిలువవలసిన ఆ ఇద్దరూ 1666 జూన్‌లో ఏకమై, ఊరిచేత మూడు నిర్ణయాలు చేయించారు.

ఊరు దాటి ఎవరూ వెళ్లరాదన్నది ఒకటి. డెవన్‌షైర్ ప్రభువు పంపిన ఆహారాన్ని, మందులను పొలిమేరలో దింపి వెళ్లేవారు. గుంటలు తొలిచిన సరిహద్దు రాతిలో వినిగర్ పోసి, దోషం పోతుందన్న నమ్మకంతో, నాణేలను అందులో ఉంచేవారు. చర్చి తలుపులు మూసి, కక్‌లెట్ డెల్ఫ్ అనే పచ్చిక లోయలో, కుటుంబానికి కుటుంబం ఎడంగా నిలబడి ఆరాధన జరుపుకోవాలన్నది ఇంకొకటి. మూడవది అన్నింటికంటె కఠినమైనది: ఎవరి మృతులను వారే, తమ ఇంటి దొడ్డిలోనో పొలంలోనో పాతిపెట్టుకోవాలి. ప్రతిష్ఠిత భూమి, అనగా బిషప్పు ప్రార్థనతో పవిత్రమైన చర్చి నేల, తప్ప వేరొకచోట పూడ్చబడటాన్ని ఆనాటి క్రైస్తవుడు ఎంత భయంతో తలచేవాడో గ్రహించినప్పుడే ఈ త్యాగం బరువు తెలుస్తుంది. సరిహద్దు దాటకపోవడం పొరుగూళ్ల కోసం చేసిన త్యాగమైతే, ఈ నేలను వదులుకోవడం తమ పరలోక ఆశనే పణంగా పెట్టడం.

ఊరికి దాదాపు అర మైలు దూరంలో, రైలీ సమాధులనే చోట, ఎలిజబెత్ హాంకాక్ అనే తల్లి 1666 ఆగస్టులో ఎనిమిది రోజులలో భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతోనే పూడ్చింది. పూడ్చే దిక్కు లేనివారి కోసం మార్షల్ హౌ అనేవాడు వచ్చేవాడు. వ్యాధి సోకి బతికినందున తనకిక భయం లేదని నమ్మి, కూలికి బదులు మృతుల సామాను తీసుకుపోయేవాడని, ఆపైన అతని భార్య, కొడుకు కూడా పోయారని ఊరివారు నేటికీ చెప్పుకుంటారు. ఆగస్టు 25న మాంపెసన్ భార్య కేథరిన్ మరణించింది. బిడ్డలను ముందే దూరంగా పంపి, తాను మాత్రం భర్తతో నిలిచిన ఆమె సమాధి, మినహాయింపుగా, చర్చి తోటలోనే ఉన్నది.

నవంబరులో వ్యాధి ఆగేనాటికి సుమారు 260 మంది పోయారు. ఊరి జనం మొత్తం 350 అని పూర్వం రాసేవారు. దానికి రెట్టింపు ఉండవచ్చునని తర్వాతి పరిశోధకులు అంటారు. మాంపెసన్ ఈక్రింగ్ అనే ఊరికి మారినప్పుడు, అక్కడివారు అంటుభయంతో అతనిని ఊళ్లోకి రానీయక కొంతకాలం వెలుపలే ఉంచారని చెబుతారు.

ఆగస్టు చివరి ఆదివారాన ప్లేగు ఆదివారమనే స్మారక ఆరాధన జరుగుతుంది. ఈమ్ చూడదలచినవారు చర్చి ఒక్కటే చూచి మరలితే సగమే చూచినట్లు. డెల్ఫ్ లోయకు, రైలీ సమాధులకు, సరిహద్దు రాయికి కాలినడకన వెళ్లవలసి ఉంటుంది, ఎందుకంటే ఆ చర్చి సమాధుల తోట అంతవరకూ ఉన్నది.