పాత బోల్టును చూసి కొత్తది ఏరితే

1990 జూన్ 10. బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలాగాకు వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. ఆ విసురుకు ఆయన నడుము దాకా బయటికి వెళ్లిపోయారు. సిబ్బంది ఆయన కాళ్లు వదల్లేదు. కోపైలట్ సౌతాంప్టన్‌లో విమానాన్ని దించారు. కెప్టెన్ బతికారు!

ఆ అద్దాన్ని బిగించింది అంతకు 27 గంటల ముందే. 90 బోల్టుల్లో 84 సన్నవి, వ్యాసంలో తేడా 0.66 మిల్లీమీటర్లే. మిగతా ఆరూ పొట్టివి. షిఫ్ట్ మేనేజర్ విప్పిన బోల్టును పక్కన పెట్టుకుని, కంటి అంచనాతో కొత్తవి ఏరారు. విచిత్రమేమిటంటే, ఆ పాతవీ సరైనవి కావు.

అందుకే కన్ను కాదు, పార్ట్ నంబరే ప్రమాణం.

బోల్టైనా రివెట్టైనా గట్టిదైతే చాలదా? చాలదు. అల్యూమినియం రేకుకు పూత లేని ఉక్కు బోల్టు బిగిస్తే, తేమ తగిలి అల్యూమినియమే క్షయిస్తుంది. 2024 రకం అల్యూమినియం రివెట్లనైతే ఫ్రీజర్‌లోంచి తీసిన కొద్ది నిమిషాల్లోనే కొట్టేయాలి. లేదంటే గట్టిపడి, కొట్టేటప్పుడు పగలొచ్చు.

రంధ్రం పెద్దదైతే ఒక సైజు పెద్ద రివెట్ వేయొచ్చు. కాకపోతే రివెట్ మధ్య నుంచి రేకు అంచు దాకా దూరం సాధారణంగా రివెట్ వ్యాసానికి రెండింతలైనా మిగలాలి. మాన్యువల్ చెప్పిన హద్దు దాటితే, తయారీ సంస్థ ఇంజినీర్లను అడగాల్సిందే.