ఒళ్ళో గిటారు: తక్కువ ఖర్చుతో మొదలుపెట్టడం ఎలా?

(నందిగామలో గాయక బృందాల వారి కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. మెట్ట సేద్యం చేసుకునేవాణ్ణి. పాతికేళ్ళుగా ఆదివారం ఉదయాన హార్మోనియం ముందు కూర్చుంటున్నాను, అంతే నా అర్హత. గిటారు నేర్చుకోవాలని మాత్రం కుర్రతనం నుంచీ ఆశ ఉండేది. చొప్ప నరికే మిషనులో ఎడమ చేతి రెండు వేళ్ళు నలిగాయి. అవి అతుక్కున్నాయి గాని వంగవు. వంగని వేళ్ళతో గిటారు తీగను నొక్కడం ఎట్లా? ఆ ఆశ అక్కడితో అటకెక్కింది. మా అబ్బాయి హాస్టలులో వాయించి వదిలేసిన గిటారు కూడా అటకెక్కింది. రెండూ కలిసి కిందికి దిగిన సంగతే ఇవాళ మీకు మనవి చేస్తాను.

గిటారును నిలబెట్టి పట్టుకోకుండా, వీణలాగా ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, తీగల మీద నున్నని ఇనుప కడ్డీని జార్చుతూ వాయించే పద్ధతి ఒకటుంది. మన వైపు హవాయి గిటారు అంటారు. ఇంగ్లీషు పుస్తకాలలో ల్యాప్ స్టీల్ గిటార్ అని ఉంటుంది. హవాయి దీవులలో జోసెఫ్ కెకూకూ అనే కుర్రవాడు 1889 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టాడని చెబుతారు. రైలు పట్టాల దగ్గర దొరికిన బోల్టును తీగల మీద జార్చి చూశాడట. కథలో ఎంత నిజమో గాని, నాకు బోల్టు మాట బాగా నచ్చింది. ఎందుకో తరువాత చెబుతాను.

ఈ వాద్యం మన దేశానికి కొత్త కాదు. హవాయి విద్వాంసుడు టౌ మో 1940లలో కలకత్తాలో కాపురముండి ఎందరికో నేర్పాడు. వాన్ షిప్లే, సునీల్ గంగూలీల హిందీ సినిమా పాటల రికార్డులు రేడియోలో విని మన పెద్దలు తలలూపారు. బ్రిజ్ భూషణ్ కాబ్రా 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డులో హిందుస్తానీ రాగాలు పలికించాడు. విశ్వమోహన్ భట్ తన మోహన వీణకు 1994లో గ్రామీ బహుమతి తెచ్చుకున్నాడు. అసలు మన దక్షిణాదిలోనే మెట్లు లేని గోటువాద్యం మీద కొయ్య ముక్కను జార్చుతూ కచేరీలు చేశారు. అమెరికాలో హౌస్ ఆఫ్ గాడ్ అనే నల్లజాతి వారి సంఘాలలో 1930ల నుంచీ ఆరాధనలో ఈ స్టీలు గిటారే మోగుతున్నది. ఆ మాట తెలిసిన రోజున నాకు ఎంత ధైర్యం వచ్చిందో!

మనకు ఇది ఎందుకంటారా? మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి వంటివారు ఆ రాగాల నడకలోనే రాశారు. ఆనందభైరవి హార్మోనియం మీద వాయించి చూడండి. స్వరాలన్నీ ఉంటాయి, ఆనందభైరవి ఉండదు. ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ నడుమ ఉన్న జారుడే ఆ రాగానికి ప్రాణం. హార్మోనియంలో ఆ నడుమ ఏమీ లేదు. ఈ కారణం కూడా చూపించే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించి 1971లో గాని సడలించలేదు. పాతికేళ్ళు హార్మోనియం తొక్కినవాణ్ణి నేనే ఈ మాట అంటున్నాను. మా ఊరి ముసలమ్మలు పాటను ఎక్కడ సాగదీస్తారో అక్కడ నా వేళ్ళు వాళ్ళను వదిలేసి ముందుకు పోయేవి. తప్పు వాళ్ళదని చాలాకాలం అనుకున్నాను.

ఇక ఖర్చు సంగతి. ఈ పనికి కొత్త గిటారు కొనవద్దు. మెడ కాస్త వంగి, తీగలు పైకి లేచి, వేళ్ళు నొప్పిపుట్టి కుర్రాళ్ళు మూలపడేసిన గిటారు మీ ఊళ్ళోనూ ఒకటి ఉండే ఉంటుంది. మామూలు వాయిద్యానికి ఏది లోపమో మనకు అదే అక్కరకు వస్తుంది. తీగలు మెట్లను తాకకుండా ఎత్తుగా ఉండటమే మనకు కావలసింది. చూడవలసింది రెండే: పెట్టె పగలకూడదు, బ్రిడ్జి కొయ్య కింద సందు పడి ఉండకూడదు.

మెడ చివర, బిరడాల పక్కన తీగలు ఆనే చిన్న పట్టీ ఉంటుంది. దాని మీద టోపీలా కూర్చునే ముక్క ఒకటి చేయించి, తీగలు మెడకు దాదాపు ఒక సెంటీమీటరు ఎత్తున ఉండేటట్లు చూడాలి. నేను మొదట కొండపల్లి బొమ్మల పొణికి కర్రతో చేశాను. వారం తిరగకుండా తీగలు వెన్నలోకి దిగినట్టు దిగిపోయాయి. మెత్తటి కర్ర బొమ్మకు మేలు గాని దీనికి పనికిరాదు. తరువాత అల్యూమినియం ముక్కకు ఆకురాయితో ఆరు గాట్లు పెట్టించాను. అది ఇప్పటికీ ఉంది.

కడ్డీ కోసం షాపుల చుట్టూ తిరిగాను. చివరికి అది హైవే పక్కన మెకానిక్ షెడ్డులో దొరికింది. పిస్టన్ పిన్ను! గట్టి ఉక్కు, అద్దంలాంటి నునుపు. స్కూటరు పిన్ను పొట్టిది, ఆరు తీగలకూ అందదు. జీపు పిన్ను సరిపోయింది. బొటనవేలి కంటే కాస్త లావు, మూడంగుళాల లోపు పొడవు. గీత పడినది తీసుకోవద్దు, తీగ మీద గరగరమంటుంది. కెకూకూ బోల్టు మాట నాకు ఎందుకు నచ్చిందో ఇప్పుడు తెలిసిందా? తీగల సెట్టుతో సహా మొత్తం నాకు ఐదువందలు దాటలేదు.

శ్రుతి చేయడంలో మాత్రం నా మాట వినండి. మామూలు గిటారు శ్రుతి నుంచి ఆరో తీగ, ఐదో తీగ, ఒకటో తీగ, ఈ మూడింటినీ రెండేసి మెట్లు దించండి. మిగిలిన మూడింటి జోలికి పోవద్దు. ఇప్పుడు ఖాళీ తీగలన్నీ కలిపి మీటితే ఐదు శ్రుతిలో షడ్జమ, గాంధార, పంచమాలు పలుకుతాయి. పైకి బిగించి చేసే శ్రుతులు కూడా ఉన్నాయి. వాటికి సన్నని తీగలు వేరే కావాలి. అది తెలియక నేను మామూలు తీగలనే బిగించాను. మే నెల రాత్రి రెండు గంటలకు ఇంట్లో తుపాకి పేలినట్టు శబ్దం! లేచి చూస్తే బ్రిడ్జి ఊడి మంచం కింద ఉంది. ఇంటిది ఇప్పటికీ ఆ సంగతి గుర్తు చేస్తుంది. దించడం క్షేమం.

మూడో తీగ ఒక్కటే పట్టుకోండి. ఖాళీ తీగ షడ్జమం. రెండు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది, పదకొండు, పన్నెండు మెట్ల మీద కడ్డీ పెడితే శంకరాభరణం ఆరోహణ. రెండు, నాలుగు, ఏడు, తొమ్మిది, పన్నెండు అయితే మోహనం. కడ్డీని నొక్కవద్దు, దాని బరువే చాలు. మామూలుగా వేలు మెట్టుకు వెనుక నొక్కుతాం. ఇక్కడ కడ్డీ సరిగ్గా మెట్టు తీగ మీదనే నిలవాలి. పక్క నుంచి చూస్తే కన్ను మోసం చేస్తుంది, తల వంచి నిట్టనిలువుగా చూడాలి. కడ్డీ వెనుక మిగిలిన వేళ్ళను తీగల మీద తేలికగా ఆనించి లాగండి. లేకపోతే కడ్డీకి అటువైపు తీగ కూడా గోల చేస్తుంది. నా వంగని వేళ్ళు ఈ పనికి హాయిగా సరిపోయాయి.

జనం ఒకటి శ్రుతిలో ఎత్తుకుంటే కంగారు వద్దు. ఐదో మెట్టునే షడ్జమంగా పెట్టుకొని అక్కడి నుంచి లెక్క వేసుకోవాలి. హార్మోనియం వారు పక్కన షడ్జమ పంచమాలు పట్టి ఉంచితే మీ చెవికి ఆధారం ఉంటుంది. ఆ ఆధారం లేకుండా మొదటి ఆరు నెలలు వాయించవద్దు. కడ్డీ వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే, అది గుడి చివర వరుసకు కూడా తెలుస్తుంది. కరెంటు ల్యాప్ స్టీలు గిటార్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి గాని, వాటికి ఆంప్లిఫయరు వేరే కొనాలి. చిన్న సంఘానికి మన పెట్టె గిటారు ముందు ఉన్న మైకును దించి పెడితే చాలు.

ఇంట్లో ఒక్కణ్ణే ఏడాది వాయించి, క్రిందటి కోతల పండుగకు ధైర్యం చేశాను. కీర్తన మధ్యలో ఆ ముసలమ్మలు అలవాటుగా సాగదీశారు. కడ్డీ వాళ్ళతోపాటే జారి, వాళ్ళు ఆగినచోట ఆగింది. ఒకావిడ పాట ఆపకుండానే వెనక్కి తిరిగి నన్ను చూసింది.

గిటారు ఆ బల్ల మీద ఉంది. టీ అయ్యాక ఎవరైనా వచ్చి ఒళ్ళో పెట్టుకొని చూడవచ్చు. పిన్ను మాత్రం గుప్పిట్లో గట్టిగా పట్టుకోండి. కింద పడితే బెంచీల కిందికి దొర్లిపోతుంది, వెతకడం నా వల్ల కాదు.