మాత్రలు ఎన్ని మిగిలాయి?



బిడ్డ పుట్టకముందే బట్టలు, ఉయ్యాల కొనకూడదని మన పెద్దవాళ్లు అంటారు. ఆ మాట మేము కాదనడం లేదు. ఉయ్యాల తర్వాత కొనుక్కోవచ్చు. కానీ ఒంట్లో రక్తం, చేతిలో డబ్బు, పక్కన తోడు నొప్పులొచ్చిన రాత్రి వెతికితే దొరకవు.

అందుకే మూడో నెల దాటకముందే ఏఎన్‌ఎం దగ్గర పేరు రాయించి కార్డు తీసుకోవాలి. కాన్పులోపు కనీసం నాలుగుసార్లు పరీక్ష చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత. నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్ మాత్ర చొప్పున 180 రోజులు వేసుకోవాలి. టీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. విరేచనం నల్లగా అవుతోందని కొందరు మానేస్తున్నారు. అది మాత్ర వల్లే, భయం లేదు.

ఎనిమిదో నెలకల్లా ఏ ఆసుపత్రికి పోవాలో, తోడు ఎవరో, రక్తం ఇచ్చేదెవరో, ఇంట్లో పెద్దపిల్లల్ని చూసేదెవరో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాలి. 108 కి ఫోన్ చేసేదెవరో కూడా అనుకోవాలి. మెత్తటి పాత నూలు చీర ఉతికి, ఎండబెట్టి సంచిలో పెట్టుకోండి. అది కొనేది కాదు కదా!

పొదుపు మన డబ్బే. అర్ధరాత్రి వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కడం దేనికి? ఏడో నెలలోనే అప్పు తీర్మానం రాసి ఉంచుదాం. ప్రతి మీటింగులో వాయిదా కట్టావా అని అడుగుతున్నాం. కడుపుతో ఉన్న చెల్లెల్ని మాత్రలు ఎన్ని మిగిలాయని కూడా అడుగుదాం.