పిల్లల చేత ఆటలు కట్టింపుడు
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన బాలబాలికలకు ఆదివారములందు కంప్యూటరు విద్య నేర్పవలెనను మాట వచ్చినది. రుసుము కట్టి శిక్షణాలయమునకు పంపుదమని కొందరందురు. అచ్చట నిర్వచనములు వల్లె వేయింతురు. మూడవ వారమునకు పిల్లలు మానుకొందురు. మొదటి దినముననే వారి చేత ఒక ఆట కట్టింపవలెనని నా విన్నపము.

వ్యాపారిని గనుక ముందుగా ఖర్చే చూచితిని. బ్రౌజరొకటి, వ్రాయుటకు నోట్‌ప్యాడు వంటిదొకటి చాలును. హెచ్.టి.ఎం.ఎల్. పుటకు కట్టడము, సి.ఎస్.ఎస్. అలంకారము, 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టు చలనము. మూటిని బ్రౌజరే చదివి అక్కడికక్కడే నడపును. ఇంటర్నెట్టు లేకున్నను ఆట ఆగదు.

వైకుంఠపాళి పాచికతో ఆరంభింపవచ్చును. మ్యాథ్.రాండమ్ అనునది సున్న మొదలు ఒకటికి లోబడిన సంఖ్య నొకదానిని ఇచ్చును. దానిని ఆరుతో హెచ్చించి, భిన్నము విడిచి, ఒకటి కలిపిన పాచిక సిద్ధము. భిన్నము విడువక దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించిన ఒక్కొక్కప్పుడు ఏడు పడును. పిల్లలు నవ్వుదురు, తప్పెచ్చటనో తామే వెదకుదురు.

పిదప అక్షరములు కనిపెట్టు ఆట. ‘తెలుగు’ అను మాట పొడవెంతయని జావాస్క్రిప్టు నడిగిన ఆరు అనును. మనకు మూడక్షరములే గదా! త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము అని అది వేరువేరుగ లెక్కించును. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమునకును ఆరే: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. మన ఇండ్లలో తాత ఈ పత్రిక చదువగా మనుమడు విని అర్థము చేసికొనును గాని, తాను చదువలేడు. బడిలో తమిళమో, కన్నడమో, ఒడియాయో చదువు అట్టి బిడ్డకు గుణింతము ఇంతకంటె చక్కగా పట్టుబడు మార్గము నాకు తోచదు.

దుకాణపు చిట్టా కూడ కట్టింపుడు. 0.1కి 0.2 కలుపుమన్న 0.30000000000000004 అని వచ్చును. యంత్రము భిన్నములను ద్విసంఖ్యా మానమున నుంచుకొనుటయే కారణము. ఇట్టి గుమాస్తాను నేనొక్క దినమైన ఉంచుకొనను! పైసలలో లెక్కించిన చిక్కు తీరును.

ప్రశ్నల ఆటలో ఎవడో ఒక చురుకైన పిల్లవాడు పుట మూలము తెరచి జవాబులు చూచును. వానిని దండింపకుడు. బ్రౌజరునకు పంపినది రహస్యము కాదని, గల్లాపెట్టె తాళపుచెవి బేరగాని చేతికీయరాదని వానికి అప్పుడే తెలిసినది.

పాత కంప్యూటరులు గల గృహస్థులు వచ్చే ఆదివారములోగా సంఘమునకు అప్పగింప గోరెదను. ఇద్దరికొక యంత్రము చాలును. ఆడపిల్లలను తప్పక పంపుడు.