తీపిలేని ద్రాక్షాసవము: గుణపరీక్ష



ద్రాక్షాసవమును ద్రాగుఁడని చెప్పుట నా యుద్దేశము గాదు. ఒక వస్తువు గుణమును, వెలను వివేకులు నిర్ణయించు విధమును మాత్రమే మనవిచేసెదను.

జర్మనీ దేశమున రైను, మోజెల్ నదుల తీరములందు రీస్లింగను తెల్లద్రాక్ష పండును. 1435వ సంవత్సరపు లెక్కపత్రమునందే దాని పేరు గానవచ్చుచున్నది. దాని రసమును జక్కెర దాదాపుగా హరించువఱకు బులియఁబెట్టినచో తీపిలేని యాసవ మగును. జర్మనులు దానిని 'ట్రోకెన్' అందురు. అందు లీటరునకు 4 గ్రాముల వఱకును, పులుపు తగినంత యున్నచో 9 గ్రాముల వఱకును జక్కెర యుండుటకుఁ జట్టము సమ్మతించును.

చేఁదు మందును తేనె మఱుగుపఱచునట్లు, ఆసవములోని లోపములను తీపి మఱుగుపఱచును. 1985లో ఆస్ట్రియా దేశమునఁ గొందఱు తమ పలుచని సరకు చిక్కగాను, తియ్యగాను తోఁచుటకై డైఇథిలీన్ గ్లైకాల్ అను విషద్రవ్యమును గలిపి పట్టువడిరి. ఆ దేశపు టెగుమతులు కూలిపోయెను. ఏ పాప మెఱుఁగని కాఁపులును నష్టపడిరి. పిమ్మటనే యచ్చటఁ గఠినమైన చట్టము వచ్చినది.

తీపిలేని రీస్లింగునకు అట్టి ముసుఁగు లేదు. పరీక్షకులు మొదట వాసన చూతురు. క్రొత్తదైనచో నిమ్మపండు, పచ్చి ఆపిలు వాసనలు తోఁచును. ఏండ్లు నిలువయున్న దానికిఁ గిరసనాయిలు వంటి వాసన యించుక రావచ్చును. అది యీ జాతికి సహజము, కల్తీ గాదు. పిదప నోటఁ బోసికొని పులుపును గమనింతురు. పులుపు నాలుకను గోయరాదు, చప్పఁబడనురాదు. మ్రింగిన తరువాత రుచి యెంతసేపు నిలుచునో చూచుట కడపటి పరీక్ష. వెంటనే తొలఁగిపోవునది సామాన్యము. నిలిచి నిలిచి మాఱుచుండునది యుత్తమము.

ఇఁక వెల. మోజెల్ తీరమునఁ గాల్మాంట్ అను కొండవాలు 60 డిగ్రీలకు మించి నిటారుగా నుండును. అచ్చటఁ జేతిపనియే ప్రధానము. కావునఁ గూలి హెచ్చు, వెలయు హెచ్చు. కాని కూలి హెచ్చినంత మాత్రమున గుణము హెచ్చదు. సీసాపైఁ గానవచ్చు 'కాబినెట్', 'స్పేట్లేజె' అను తరగతులును కోఁతనాఁటి పండ్లరసమునందలి చక్కెరనుబట్టి యేర్పడినవే. సీసాలోని రుచికిఁ బూచీ గావు.

కావున వెలను జూచి గుణమును నిర్ణయింపక, గుణమును జూచి వెల గట్టవలెను. ధాన్యము కొన్నను, విత్తనము కొన్నను, తియ్యని మాట విన్నను ఇదియే న్యాయము.

సెలవు.